విజిల్ ఊదలేని గార్డు కంబదూరు ప్రయాణం

ఒంటి ద్వారా మనసుకు వైద్యం చేసేచోటికి మొదటిసారి వెళ్తే ఏం జరుగుతుందని ఈమధ్య కొందరు నన్ను అడుగుతున్నారు. నేను వెళ్లింది పంతొమ్మిదివందల అరవైల్లో. అప్పుడు గుంతకల్లులో గూడ్సు గార్డుని. ఒక స్టేషన్లో ఆగి ఉన్న మా బండి కింద దూరి ఒక ముసలాయన అవతలికి పోతున్నాడు. నేను చూడలేదు. విజిల్ ఊది పచ్చజెండా ఊపాను. ఆయన బతకలేదు. విచారణలో నా తప్పు లేదన్నారు. కానీ ఆనాటి నుంచి విజిల్ నోట పెట్టుకుంటే ఛాతీ బిగుసుకుపోయేది, ఊపిరి బయటికొచ్చేది కాదు. రెండు నెలల సెలవు అయిపోయింది. సోమవారం రైల్వే డాక్టరు ముందు ఊది చూపించాలి, లేకపోతే గార్డు పని పోతుంది. విదేశంలో చదివొచ్చిన ఒక డాక్టరమ్మ కంబదూరులో సొంతింట్లోనే ఇలాంటి వైద్యం చేస్తోందని తోటి గార్డు చెబితే, ఆదివారం బయల్దేరాను.

పొద్దున ఆరింటి ప్యాసింజరులో అనంతపురం, అక్కడి నుంచి బస్సులో కళ్యాణదుర్గం, మళ్లీ బస్సు మారితే కంబదూరు. బస్సులకు రెండు రూపాయల దాకా అయింది. నాకు సీట్లో కూర్చోబుద్ధి కాలేదు. బస్సు ఆగినప్పుడల్లా దిగేవాణ్ణి, ఎక్కేవాణ్ణి. ఇంకా ఎంతసేపని డ్రైవరును నాలుగోసారి అడిగేసరికి ఆయనకు ఒళ్లు మండింది.

"ఏమప్పా, ఇంజనుకు నీళ్లు పోయొద్దా? నడిచి పోతానంటే పో, నేనేమీ అనుకోను."

నిజంగానే నడిచేవాణ్ణే గానీ ఎండ మాడుస్తోంది, చుట్టూ చెట్టన్నది లేదు.

ఒంటిగంటకు చేరాను. డాక్టరమ్మకు యాభై ఏళ్లుంటాయి. జరిగిందంతా నా నోటే విన్నది. పడుకోబెట్టి మందేదో ఇస్తుందనుకున్నాను. చెప్పులు విప్పించి బండల మీద నిలబెట్టి, "యాడ బిగుసుకోని ఉండాది?" అని అడిగింది. అంతా బాగుందన్నాను. మా రైల్వే గార్డులకు ఇదొక జబ్బు. దాటే ప్రతి స్టేషన్ దగ్గరా బండి బాగుందని స్టేషన్ మాస్టరుకు చెయ్యి చూపడం మాకు అలవాటు. ఆమె మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ అదే జవాబు. మూడోసారి నాకు తెలియకుండానే చెయ్యి కూడా లేచింది.

ఆమె నవ్వింది. "ఏమప్పా, నన్ను స్టేషన్ మాస్టరు అనుకుంటాండావా? నాకు రిపోర్టు వద్దు. బండి కదిలేటప్పుడు ఎట్ల నిలబడతావో అట్ల నిలబడు."

నిలబడ్డాను. వీపు మీద చెయ్యి పెట్టొచ్చా అని అడిగి మరీ పెట్టింది. "ఊపిరి బిగబట్టినావు కదా, ఇంకా బిగబట్టు" అంది. కాసేపటికి మోకాళ్లు వణకడం మొదలైంది, ఆపుదామంటే ఆగలేదు. సిగ్గేసింది, భయమూ వేసింది. మొదటిసారి వెళ్లేవాళ్లకూ ఇలా జరగొచ్చు. వణుకొస్తే జబ్బు ముదిరిందని కంగారుపడి లేచి వచ్చేయకండి.

"ఆ మనిషి పేరేమి?" అని అడిగింది. విచారణ కాగితాల్లో ఎన్నోసార్లు చదివిన పేరు, ఒక్కసారీ నోట పలకలేదు.

"సుంకన్న" అన్నాను. ఆ పేరు వెంటే ఊపిరంతా బయటికొచ్చింది. గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

తేరుకున్నాక, రేపు విజిల్ ఊదగలనా అని అడిగాను.

"రేపటి మాట నాకు తెలీదు. ఈ పొద్దు మొదలైంది, అంతే. మళ్ల ఆదివారం రా" అంది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అని కోపమొచ్చింది. ఆమె పెట్టిన సజ్జరొట్టెలు మాత్రం నాలుగు తిన్నాను, అంత ఆకలి. నాలుగింటి బస్సు పట్టుకున్నాను.

సోమవారం రైల్వే డాక్టరు ముందు విజిల్ మోగింది. గట్టిగానే మోగింది. ఆయన పాస్ చేస్తూ రాయడానికి పెన్ను తీశాడు. బల్ల కింద నా కాళ్లు ఇంకా వణుకుతున్నాయి. ఆయనకు కనపడవు, నేను చెప్పకపోతే తెలియదు. "సార్, నేనింకా బండి మీదికి పోలేను" అన్నాను.

పార్శిల్ ఆఫీసులో వేశారు. చాలా ఆదివారాలు కంబదూరు వెళ్లాను, వణుకు పూర్తిగా తగ్గింది, గార్డు పని మాత్రం తిరిగి రాలేదు. బాధ లేదంటే అబద్ధం. ఆ సోమవారం నోరు మూసుకుని ఉంటే రిటైరయ్యేదాకా గార్డుగానే ఉండేవాణ్ణేమో. కానీ ఆ కాళ్లతో బండెక్కితే ఈసారి ఎవరి పేరు చదవాల్సి వచ్చేదో. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: మొదటిసారి వెళ్లొచ్చాక రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకండి. ముఖ్యంగా, ఎవరికైనా అబద్ధం చెప్పాల్సిన పని అసలే పెట్టుకోకండి, చెప్పలేరు.