గోడ మీది పిల్ల

ఆమె దర్జీ. వీధి గదిలో కిటికీ పక్కన మిషను వేసుకొని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. వీధంతా దర్జీ అక్క అనే పిలిచేవారు. భర్త లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే. పెళ్ళయిన ఆరేళ్ళకు ఒకే కాన్పులో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. పది నిమిషాల ముందు పుట్టింది పెద్దది, తర్వాతది చిన్నది. ఇంట్లో అవే పిలుపులయ్యాయి.

ఇద్దరూ అచ్చు గుద్దినట్టుండేవారు. తండ్రి ఎప్పుడూ పొరబడేవాడు. ఒకసారి పెద్దదానికే రెండుసార్లు దగ్గుమందు పోసి చిన్నదాన్ని వదిలేశాడు. తల్లికి మాత్రం తెలిసేది. పెద్దది మడమలు ఈడుస్తూ నడిచేది. చిన్నదానికి ‘ర’ పలికేది కాదు. వీపు తిప్పుకొని మిషను తొక్కుతున్నా సరే, వెనక నిలబడింది ఎవరో ఇట్టే చెప్పేసేది.

ఆరేళ్ళు నిండాక ఒకే తానులోంచి ఇద్దరికీ గౌన్లు కుట్టి, మొదటిసారి ఫోటో తీయించడానికి తీసుకెళ్ళింది. నేనీ పక్కంటే నేనీ పక్కని ఇద్దరూ బల్ల మీద నాలుగుసార్లు చోట్లు మార్చుకున్నారు. స్టూడియో ఆయన విసుక్కొని నోళ్ళు మూసుకోమన్నాడు. చేతులు పట్టుకొని, పెదవులు బిగించి, కొయ్యబొమ్మల్లా కూర్చున్నారు.

రెండు నెలలకు చిన్నదానికి జ్వరమొచ్చింది. మూడో రోజు ఆసుపత్రిలో పోయింది.

దాని బొమ్మ గోడ మీద ఉండాలన్నాడు తండ్రి. అందులోంచి చిన్నదాన్ని వేరుచేసి పటం కట్టించడానికి భార్యాభర్తలు ఆ ఒక్క ఫోటో పట్టుకొని స్టూడియోకి వెళ్ళారు.

“ఇద్దర్లో ఎవర్నమ్మా?” అన్నాడు స్టూడియో ఆయన.

భర్త ఆమె వైపు తిరిగాడు. “నువ్వే చెప్పు. నీకేగా తెలిసేది.”

ఆమె ఫోటోని కళ్ళ దగ్గర పెట్టుకుంది. అందులో ఎవరూ నడవడం లేదు, మాట్లాడడం లేదు. తెలియడం లేదని కన్నతల్లి ఏ నోటితో చెబుతుంది? ఎడమ పక్క పిల్ల మీద వేలు పెట్టింది.

వారానికి పటం వచ్చింది. ఒక అంచున రెండో పిల్ల వేళ్ళు మూడు మిగిలిపోయాయి. వాటిని చెరపడం స్టూడియో ఆయన వల్ల కాలేదు.

రోజూ ఆ పటం తుడిచేటప్పుడు ఒకనాడు చిన్నదే అనిపించేది, మర్నాడు కాదనిపించేది. ఒకసారి పెద్దదాని గడ్డం పట్టుకొని వెలుతురుకి తిప్పి చూసింది.

“ఏంటమ్మా అలా చూస్తున్నావ్?”

“పేలున్నాయేమోనని.”

ఆ తర్వాత పెద్దదానికి ఒక్క ఫోటో కూడా తీయనివ్వలేదు. ఇంకో ఫోటో వస్తే పక్కపక్కన పెట్టి చూస్తారని, తను చేసింది బయటపడుతుందని భయం. బడిలో గ్రూపు ఫోటో అన్నరోజు ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లో కూర్చోబెట్టుకునేది. పిల్ల ఏడ్చేది. ఏడేళ్ళూ పదేళ్ళూ పద్నాలుగేళ్ళూ అలాగే గడిచిపోయాయి.

పెద్దది నర్సయింది. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. తండ్రి పోయాడు. అత్తగారింట్లో భర్తవి బోర్లాపడ్డప్పటి నుంచీ ఫోటోలున్నాయి. ఒకరోజు పెద్దదాని కూతురు ఆ ఆల్బమంతా తిరగేసి, “అమ్మా, నువ్వు చిన్నప్పుడు లేవా?” అనడిగింది.

మర్నాడు డ్యూటీ దిగి నేరుగా తల్లి దగ్గరికి వచ్చింది. “చెల్లితో తీయించుకున్న ఫోటో ఇవ్వమ్మా. చిన్నప్పటిది నాకున్నది అదొక్కటేగా.”

తల్లి పెట్టె తెరిచి తీసిచ్చింది.

“గోడ మీదున్నది చెల్లి. అంటే ఈ కుడిపక్కది నేనన్నమాట.”

తల్లి పెట్టె మూత వేసింది. “నాకు తెలీదే పెద్దా. ఆరోజూ తెలీలేదు, ఇప్పటికీ తెలీదు” అంది.

పెద్దది తలెత్తి పటం వంక చూసింది. “అయితే అది నేనే కావచ్చు.”

“కావచ్చు.”

“నాన్నకి తెలుసా?”

“చెప్పలేకపోయాను. బయల్దేరిన ప్రతిసారీ ఆ పటంతో కాసేపు మాట్లాడి గానీ బండెక్కేవాడు కాదు. పోయేదాకా అంతే.”

పెద్దది మిషను పక్కనున్న స్టూలు మీద కూలబడింది. “చెల్లి పోయింది, సరే. నేను బతికే ఉన్నానుగా అమ్మా. ఎనిమిదేళ్ళప్పుడు ఎలా ఉండేదాన్నో నాకే తెలీదు.”

“నాకు బాగా గుర్తే తల్లీ. పై పన్ను ఊడి…”

“నీకు గుర్తే. నా పిల్లలకి ఎలా చూపించను?”

తల్లి చీర చెంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. పెద్దది దగ్గరికి వెళ్ళలేదు. ఆ తర్వాత చాలా రోజులు రాలేదు కూడా. వచ్చేసరికి తల్లికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎనిమిదేళ్ళప్పటి సంగతులు, పదేళ్ళప్పటివి, ఒకటొకటిగా అడిగింది. తల్లి కళ్ళు కదిలేవి. పెదవులు కదిలేవి కావు. మూడు నెలలకు పోయింది.

పెద్దది ఇప్పుడు ఏటా పిల్లల్ని స్టూడియోకి తీసుకెళ్తుంది. ఫోటో రాగానే వెనకాల తారీఖు వేసి, ఎవరు ఏ పక్కనున్నారో రాస్తుంది. భర్త నవ్వుతాడు. “ఒకత్తి జడలేసుకుంది, ఇంకొకడికి ముందుపళ్ళే లేవు. వీళ్ళని చూసి ఎవరు తికమకపడతారే?”

ఆమె తల వంచుకొని రాస్తూనే ఉంటుంది.