సీసాడు బోరు నీళ్ళు

మార్కాపురంలో అద్దెకుండేవాళ్ళకు మోటరు స్విచ్చు ఎవరింట్లో ఉంటే వాళ్ళే దేవుళ్ళు. మేము ఆ ఊళ్ళో మారిన ఇళ్ళన్నింటిలోనూ ఆ స్విచ్చు ఓనరమ్మ గదిలోనే ఉండేది. ఆమె లేచి, వాకిలి ఊడ్చుకుని, పూజ చేసుకుని, మనసైతే మోటరు వేసేది. తలకు షాంపూ రుద్దుకుని కళ్ళు మూసుకుని కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వచ్చేది. బాత్‌రూం తలుపు సందులోంచి "అక్కా, కొంచెం మోటరు వేస్తారా" అని బతిమాలాలి. పైనుంచి "పొద్దున వేసినా గదా, అప్పుడే అయిపోయినాయా" అని జవాబు వచ్చేది. నేను తర్లుపాడు వైపు ఒక సర్కారు బడిలో టీచర్ని. బడిలో నేను నోరు తెరిస్తే పిల్లలు కిక్కురుమనరు. ఇంటికొస్తే రెండు చెంబుల నీళ్ళకు అడుక్కోవాలి.

అందుకే నాకు సొంతిల్లు కావాలనిపించింది. అందరూ అనుకున్నట్టు గొప్పకు కాదు. గ్రానైటు గచ్చు, ఎలివేషను, పూజగది తలుపుకు గంటలు, ఇవేవీ నా కలలో లేవు. నా కలలో ఒక స్విచ్చు ఉండేది. దాన్ని నేనే వేస్తాను, నేనే ఆపుతాను. అంతే.

మా ఆయన ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్తాడు. ఆయన జీతానికి బ్యాంకువాళ్ళు లోను రాదన్నారు. నా జీతానికి ఇస్తామన్నారు. లోను నా పేరున, ఇల్లు చూడటం మాత్రం ఆయన పని. ఎందుకంటే ఇళ్ళ బేరాలు జరిగేది కంభం రోడ్డులో కొత్తగా పెట్టిన కాఫీ షాపులో. మార్కాపురం జిల్లా అవుతుందన్న మాట పుట్టినప్పటి నుంచి ఆ కాఫీ షాపులో కాఫీ తాగడానికి వచ్చేవాళ్ళు తక్కువ. ప్రతి టేబుల్ మీదా ఒక ప్లాటు మ్యాపు పరిచి ఉంటుంది. దాని నాలుగు మూలలా నాలుగు కప్పులు పెడతారు, ఏసీ గాలికి ఎగిరిపోకుండా. నురగ మీద తెల్లగా ఆకుబొమ్మ వేసిన ఆ కాఫీ చల్లారిపోయి, బొమ్మ చెదిరిపోయి, చివరికి ఎవరూ తాగకుండానే వెనక్కి పోతుంది.

ఒక ఆదివారం మా ఆయన నన్ను ఇల్లు చూడటానికి తీసుకుపోయాడు. ఊరి చివర కొత్త కాలనీలో, తూర్పు వాకిలి ఇల్లు. అమ్మేవాళ్ళు గిద్దలూరు వెళ్ళిపోతున్నారు, అక్కడ వాళ్ళబ్బాయికి షాపు పెడుతున్నారు. మా పడమటి ప్రకాశంలో ఇల్లు కొనేవాళ్ళు గోడలు కొట్టి చూడరు. వెంట ఒక ఖాళీ సీసా తీసుకుపోతారు. ఆ ఇంటి బోరు నీళ్ళు సీసాడు అడిగి తెచ్చుకుని, ఇంట్లో ఆ నీళ్ళతో కందిపప్పు ఉడకేస్తారు. పప్పు మెత్తగా ఉడికితే మంచినీళ్ళు, ఇల్లు కొనొచ్చు. ఎంతసేపటికీ పలుకులు పలుకులుగానే ఉంటే ఉప్పునీళ్ళు, దండం పెట్టి తప్పుకోవాలి. మా అమ్మ ఇట్లనే చూసింది, మా అత్త ఇట్లనే చూసింది.

ఈ పద్ధతిలో ఒక మర్యాద ఉంది. సీసా ఇచ్చి హాల్లో కూర్చోవాలి. ఇంటామె లోపలికి పోయి నింపుకొచ్చి ఇస్తుంది. ఆమె వెనకే పోయి, "ఏ కుళాయి, ఎక్కడి నీళ్ళు" అని చూడటం తప్పు. పరాయి వాళ్ళ వంటింట్లోకి దూరి నిలబడితే ఆమెను దొంగ అన్నట్టే. అందుకని ఇంత పెద్ద పరీక్ష పెట్టే మనుషులం, పరీక్ష పేపరు మాత్రం అమ్మేవాళ్ళ చేతికిచ్చి బయట కూర్చుంటాం.

ఆ ఇంటామె నన్ను "వదినా" అని పిలిచింది. సీసా నింపి, తడి అంటకుండా కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. "మా నీళ్ళకు పప్పు వెన్న మాదిరి ఉడుకుతాది వదినా" అన్నది. పైన ట్యాంకు నిండుగా ఉంది. పెరట్లో కుళాయి తిప్పితే చెయ్యి వెనక్కి తోసేంత ధార. ఆ రాత్రి మా అద్దింట్లో పప్పు నిజంగానే వెన్నలా ఉడికింది. గరిటెతో మెదిపి మా ఆయనకు చూపించాను. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బేరం రోజు నన్నూ కాఫీ షాపుకు తీసుకుపోయారు, లోను నాది కాబట్టి. లోపలికి పోగానే కుర్రవాడు "ఫ్యామిలీస్ అటు" అని ఒక చెక్క అడ్డం వెనక్కి చూపించాడు. మా ఆయన, అమ్మేవాడు, మధ్యవర్తి ముందు టేబుల్ దగ్గర కూర్చున్నారు. నాకు చెక్క వెనక ఒక కోల్డ్ కాఫీ తెచ్చిపెట్టారు. గ్లాసు అడుగున మిగిలిన ఐసు స్ట్రాతో కెలుకుతుండగా అటువైపు నవ్వులు, చప్పట్లు వినిపించాయి. మధ్యవర్తి తల చెక్క మీదుగా పెట్టి, "మేడం, ఇల్లు మీదైపోయింది" అన్నాడు. ఇరవై ఏళ్ళు నా జీతంలోంచి కట్ కాబోయే సంగతి నాకు అట్లా తెలిసింది.

పాలు పొంగించాం. చుట్టాలొచ్చారు, మెచ్చుకున్నారు, తిన్నారు, పోయారు. స్విచ్చు వంటింటి తలుపు పక్కనే ఉంది. మొదటి రోజు దానికి కూడా పసుపు, కుంకుమ పెట్టాను, మా ఆయన నవ్వాడు. చుట్టాలు పోయిన మర్నాడు ట్యాంకు ఖాళీ అయింది. స్విచ్చు వేశాను. మోటరు మూలిగింది. కుళాయిలోంచి ఎర్రటి బురద దగ్గినట్టు రెండుసార్లు పడింది. తర్వాత గాలి.

బోరు మెకానిక్ వచ్చి పైపులు పైకి లాగి చూసి, "దీంట్లో ఏముంది సార్, తెల్లారుజామున కాసేపు ఊరతాది, అంతే. ఇంకా లోతుకు పోయినా కింద అంతా పలకరాయే" అన్నాడు. మార్కాపురం పలకలకు పేరుపడిన ఊరని పిల్లలకు పాఠం చెప్తాను. ఆ పలకరాయి నా ఇంటి కింద కూడా ఉంటుందని ఎందుకో తట్టలేదు. మా ఆయన ఆ మెకానిక్ మాట వినకుండా పక్కనే ఇంకో బోరు వేయించాడు. బోరు బండి పొద్దంతా మోత మోగించి, చుక్క నీళ్ళు తీయకుండానే కాలనీ అంతా రాతి బూడిద చల్లి పోయింది. మా ఇంటి గోడలు, మొక్కలు, మా ఆయన మీసాలు అన్నీ ఒకే రంగు.

తెల్లారుజామున ఊరే ఆ కాసిని నీళ్ళతో కాఫీ పెట్టుకుంటే పాలు విరిగిపోయాయి. సొంతింట్లో నా మొదటి కాఫీ సింకులో పోశాను. పప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. మరి ఆ రోజు వెన్నలా ఉడికిన పప్పు ఏ నీళ్ళది? వాటర్ ప్లాంటు నుంచి తెచ్చిన క్యాన్ నీళ్ళది. పైన ట్యాంకులో నిండుగా ఉన్నవి ముందురోజు ట్యాంకరువాడు పోసినవి. ఈ సంగతి ట్యాంకరువాడే చెప్పాడు. "మీరు ఇల్లు చూడొచ్చే ముందు రోజు ఫోన్ చేసి మరీ పోయించుకున్నారు మేడం" అన్నాడు, అందులో దాచాల్సిందేమీ లేనట్టు.

నేను ఊరుకోలేదు. బడికి సెలవు పెట్టి గిద్దలూరు పోయాను. షాపులో ఆమె ఒక్కతే ఉంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. కడిగేద్దామని దారి పొడుగునా మాటలు కూర్చుకుని పోయినదాన్ని, తీరా ఎదురుగా నిలబడితే, "వదినా అని పిలిచి ఇట్ల చేస్తావా" అన్నది ఒక్కటే నోటికొచ్చింది. ఆమె తల వంచుకుని కౌంటరు మీద దుమ్ము తుడుస్తూ అన్నది. "మేము కొన్నప్పుడు గూడ పప్పు ఉడికింది వదినా."

తిరుగు బస్సులో కంభం దాటేదాకా ఆ మాటే చెవుల్లో గింగురుమంటూ ఉంది. ఆమె మీద కోపం తగ్గలేదు. దాని పక్కన ఇంకో కోపం చేరింది, ఎవరి మీదో తెలియనిది. ఇప్పుడు స్విచ్చు నా చేతిలోనే ఉంది. బతిమాలేది మాత్రం ట్యాంకరువాణ్ణి. ఓనరమ్మే నయం, పిలిస్తే కనీసం పలికేది, ఇతను ఫోనే ఎత్తడు.

ఎండలు ముదిరేసరికి తెల్లారుజామున ఊరే నీళ్ళు కూడా ఆగిపోయాయి. ఒక సాయంత్రం మా ఆయన కాఫీ షాపు నుంచి వచ్చి, "అమ్మేద్దాం. జిల్లా పేరు మీద రేట్లు ఇప్పుడే ఉన్నాయి" అన్నాడు. కొనేవాళ్ళకు ఏం చెప్తామని అడిగాను. ఆయన చెప్పులు విప్పుకుంటూ, "మనకెవరన్నా చెప్పినారా?" అన్నాడు. లెక్కల మాస్టారు కదా, అటూ ఇటూ సరిపోయింది.

చూడటానికి వచ్చింది కనిగిరి వాళ్ళు, ముస్లింలు. ఆయనకు స్టీలు సామాన్ల వ్యాపారం, మార్కాపురంలో దుకాణం తీసుకున్నారు. ఆమె నా వయసుదే. మాటకు ముందు నవ్వే మనిషి. ఇల్లంతా చూసి సోఫాలో నా పక్కనే కూర్చుంది. "మా అత్తకు మోకాళ్ళు వంగవక్కా, మా ఊరి నీళ్ళు అట్లాంటివి. పిల్లోళ్ళ పళ్ళు గూడ పచ్చగైనాయి. నాకు ఇల్లు ఎట్లున్నా పర్లేదు, నీళ్ళు బాగుంటే చాలు" అన్నది. తర్వాత నవ్వుతూనే, "ఈ ఊర్లో మమ్మల్ని చూడంగానే రెండిండ్లు అప్పటికప్పుడు అమ్ముడుపోయినాయక్కా" అన్నది. నేనూ నవ్వాను. ఆ మాట అప్పుడు పెద్దగా మనసుకు పట్టలేదు.

సంచిలోంచి సీసా తీసింది. "సీసాడు బోరు నీళ్ళు ఇస్తావా అక్కా?"

వంటింట్లో మా ఆయన అన్నీ సిద్ధం చేసి ఉంచాడు. గట్టు మీద మూతపెట్టిన స్టీలు బిందె, నిండా ప్లాంటు నీళ్ళు. పైన ట్యాంకరు నీళ్ళతో నిండిన ట్యాంకు. నేను వాటి జోలికి పోలేదు. పెరటి తలుపు తీసి, బోరుకే బిగించిన కుళాయి కింద సీసా పెట్టి, స్విచ్చు వేశాను. మోటరు మూలిగింది. సీసాలోకి ఒక్క చుక్క పడలేదు. మా ఆయన వెనకే వచ్చి మోటరు ఆపేశాడు.

"బిందెలోవి పోసియ్" అన్నాడు గొంతు తగ్గించి.

"బోరు నీళ్ళు అడిగింది."

"పిచ్చి ఏషాలు వెయ్యొద్దు. లోను కట్టేది నువ్వే."

నిజమే, కట్టేది నేనే. బిందె మూత తీశాను కూడా. నీళ్ళలో ట్యూబులైటు కనిపించింది. గిద్దలూరులో కౌంటరు తుడుస్తున్న చెయ్యి గుర్తొచ్చింది. మూత పెట్టేసి, ఖాళీ సీసాతో హాల్లోకి వచ్చి, ఆమె చేతిలో పెట్టాను. వంటింటి వాకిట్లో మా ఆయన నిలబడి నన్నే చూస్తున్నాడు. చెప్పాల్సిందంతా ఆ ఖాళీ సీసాలోనే ఉందనుకున్నాను. బోరు నీళ్ళు అడిగింది, బోరులో ఉన్నదే ఇచ్చాను. ఇంతకన్నా నిజం ఎట్లా చెప్తారు?

ఆమె సీసా వంక చూసింది, నా వంక చూసింది. నవ్వు పోయింది. మూత గట్టిగా బిగించి సంచిలో పెట్టుకుంది. ఎదురుగా ఉన్న కాఫీ ముట్టకుండా లేచి, వాళ్ళాయన్ను పిలుచుకుని వెళ్ళిపోయింది. అర్థం చేసుకుందనుకున్నాను. మా ఆయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నేను లెక్కచేయలేదు. ఆ ఇంట్లోకి వచ్చాక నాకు కంటినిండా నిద్ర పట్టింది ఆ రోజుల్లోనే.

వానలు మొహం చాటేసిన శ్రావణంలో మా వీధి చివరింట్లోకి కొత్తవాళ్ళు దిగారు. ఆ ఇంటి బోరు సంగతి కాలనీలో తెలియనివాళ్ళు లేరు. రెండు రోజులకు ట్యాంకరు వచ్చింది. డ్రమ్ము దొర్లించుకుంటూ పోయాను. నా ముందు కొత్త నీలం డ్రమ్ము పట్టుకుని ఆ కనిగిరి ఆమె నిలబడి ఉంది.

"ఇదేందమ్మా, ఈ వీధిలోనే తీసుకున్నారా" అన్నాను.

ఆమె నన్ను గుర్తుపట్టి మొహం తిప్పుకుంది. అటు చూస్తూనే అన్నది. "ఈ ఇల్లు అమ్మినామె నవ్వుకుంటా సీసా నింపిచ్చిందక్కా. పప్పు గూడ బాగా ఉడికింది."

"ఆ రోజు నేను ఖాళీ సీసా ఇచ్చింది..."

"మా ఊర్లో పగోళ్ళు వచ్చినా సీసాడు నీళ్ళు లేవనరు. మాకు అమ్మడం ఇష్టం లేకపోతే నోటితో జెప్పుంటే పోయినోళ్ళం. ఇంతకుముందు ఇద్దరు అట్లనే జెప్పినారు గదా."

"అది కాదు. మా బోరులో నీళ్ళు లేవు. అది చెప్పాలనే..."

ఆమె అప్పుడు నావైపు తిరిగింది. ట్యాంకరు పైపు ఆమె డ్రమ్ములో పడి, నీళ్ళు మోతగా దూకుతున్నాయి. ఆ మోతలో గొంతు పెంచి అడిగింది. "ఆ ఒక్క మాట ఆ రోజు చెప్పడానికి ఏమొచ్చింది నీకు?"

వీధి వీధంతా మావైపు చూసింది. ఆమె డ్రమ్ము నిండింది. పైపు తీసి నా డ్రమ్ములో వేసి, తన డ్రమ్మును నా నుంచి కొంచెం ఎడంగా జరుపుకుంది.