రేకు వెనక దారి

స్పోర్తీవో లనేరా ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం గేటు దగ్గర ఎర్మెలిందా కూర్చుందంటే ఈగైనా టిక్కెట్టు లేకుండా లోపలికి పోదని మా పేటలో అందరికీ తెలుసు. అందరికంటే బాగా ఎర్మెలిందాకే తెలుసు. రోజుకొకసారైనా ఆ మాట అనకపోతే ఆవిడకి గొంతులో మాతే కషాయం దిగేది కాదు.

"నేనున్నంతకాలం ఈ గేటు దగ్గర ఒక్కడు కూడా టిక్కెట్టు లేకుండా లోపలికి పోలేదు. మా తమ్ముణ్ణే వెనక్కి పంపించాను. అధ్యక్షుడిగారి బావమరిదిని నిలబెట్టి కొనిపించాను. ఇంక నువ్వెంత?"

ముప్పై ఏళ్ళకు పైగా ఆ గేటు కాసినా ఆమె ఒక్క ఆట కూడా చూడలేదు. కుర్చీ ముఖం వీధివైపు, వీపు మైదానంవైపు. ఆటంటే ఆమెకు చెవులతో తెలిసిందే. మనవాళ్ళు గోలు కొడితే వెనకగోడ అదిరేది. అవతలివాళ్ళు కొడితే గోడకు నోరు పడిపోయేది. ఏటా మార్చి నెలలో గేటుకు వంకాయ రంగూ తెల్లరంగూ తనే వేసేది. క్లబ్బు రంగులవి. క్లబ్బు పెట్టినవాళ్ళు ఉన్ని మిల్లు కార్మికులు. రంగు డబ్బా కొనివ్వడానికి కూడా వాళ్ళ దగ్గర ఎప్పుడూ డబ్బుండేది కాదు.

ఆమె ఇల్లు గేటుకు నాలుగిళ్ళ అవతల, పెరటిగోడా మైదానం గోడా ఒకటే. మొగుడు రోకె మిల్లులో పనిచేసేవాడు. పోయి ఆరేళ్ళయింది. పేటంతా శనివారం ఆటకు పోతే అతనొక్కడూ "ఆ గోల నాకెందుకు" అని ఇంట్లోనే ఉండిపోయేవాడు. ఎర్మెలిందా పని ముగించుకుని వచ్చేసరికి ఇల్లంతా తడిగుడ్డ పెట్టి అద్దంలా తుడిచి ఉంచేవాడు. ఏ శనివారమూ తప్పలేదు. మా పేటలో ఇల్లు తుడిచే మొగుణ్ణి అంతకుముందు ఎవరూ ఎరగరు. రొట్టెల కొట్టు దగ్గర వరసలో నిలబడి ఎర్మెలిందా ఊరుకునేది కాదు.

"మీ మొగుళ్ళు ఆట చూసొచ్చి బురదకాళ్ళతో మంచమెక్కుతారు. మా ఆయన ఇల్లు తుడుస్తాడు. పెట్టిపుట్టాలి!"

ఆడవాళ్ళందరూ తలలు వంచుకుని దగ్గేవాళ్ళు. కుళ్ళుకుంటున్నారని ఎర్మెలిందా మురిసిపోయేది.

బ్యాంకులు జనం దాచుకున్న సొమ్మును మింగి తలుపులు మూసుకున్న ఆ పాడు ఏడాదిలోనే లనేరా కూడా దివాలా తీసింది. మిల్లు అప్పటికే మూతపడింది. పాత అధ్యక్షుడు మైదానాన్ని తాకట్టు పెట్టి, ఆ సొమ్ముతో ఏం చేశాడో చెప్పకుండా ఊరు దాటేశాడు. వాడి పేరు మా పేటలో కుక్కకు కూడా పెట్టరు. దివాలా తీసిన ఆస్తిని స్వాధీనం చేసుకోవడానికి కోర్టువారు ఎచెబెర్రీ అనే రిసీవరును పంపారు. చూడటానికి మర్యాదస్తుడే, మర్యాదగా గొంతు కోసే రకం. బుధవారం పొద్దున ఇద్దరు బంట్రోతులతో వచ్చి గేటు రెండు రెక్కల మీదుగా ముద్ర వేసిన కాగితం అంటించాడు. ఆ కాగితం చింపినా, తలుపు తెరిచినా జైలే.

"అమ్మా, ఆ కుర్చీ కాస్త తీసేస్తారా?" అన్నాడు.

"కుర్చీ నాది, క్లబ్బుది కాదు. మీ కాగితమేదో అంటించుకోండి. రంగు ఊడిందంటే మాత్రం మీ చేతే వేయిస్తాను."

"శనివారం ఇక్కడ ఆట ఉండదమ్మా."

"అది మీరు చెప్పేస్తే అయిపోయిందా?"

అయిపోయేట్టే ఉంది. సొంత మైదానంలో ఆడాల్సిన ఆట రెండుసార్లు ఆడలేకపోతే ఆ జట్టు పేరు లీగులోంచి కొట్టేస్తారు. జీతాల్లేక ఆటగాళ్ళు రానందువల్ల ఒకటి అప్పటికే పోయింది. ఈ శనివారం సాన్ ఎలాదియో జట్టుతో ఆట, జీతం లేకపోయినా ఆడతామని మనవాళ్ళు ఒప్పుకున్నారు. ఇదీ తప్పితే లనేరా అనే పేరే ఉండదు. వేరే మైదానం అద్దెకు తీసుకునే తాహతు మాకు లేదు. జట్టు లేని మైదానం ఉత్త ఖాళీ స్థలం. దాని మీద ఒక పెద్ద సూపర్ మార్కెట్టు వాళ్ళ కన్ను ఎప్పట్నించో ఉంది.

గురువారం సాయంత్రం పేటంతా గేటు ముందు చేరింది. కుర్రాళ్ళు గడ్డపారలు పట్టుకొచ్చారు. ఎర్మెలిందా కుర్చీలోంచి లేచి గేటుకు అడ్డంగా నిలబడింది.

"నా గేటు మీద చెయ్యి వేసినవాడి చెయ్యి విరిచి వాడికే ఇస్తా. ఆ కాగితం చినిగితే చాలని వాళ్ళు కాచుక్కూర్చున్నారు. జైల్లో ఆడతారట్రా బంతి?"

"మరి లోపలికెలా పోవాలి దోన్యా ఎర్మా? రెక్కలు కట్టుకునా?" అన్నాడు ఒకడు. పెద్దావిడల్ని మా పేటలో దోన్యా అంటాం.

అప్పుడు మాంసం కొట్టు బసీలియో గొంతు సవరించుకున్నాడు. మనిషి ఎద్దులాంటివాడు. అభిమానుల గుంపుకు పెద్ద. ఆ రోజు మాత్రం బడి ఎగ్గొట్టి దొరికిపోయినవాడిలా చెప్పుల వంక చూస్తున్నాడు.

"గేటులోంచే ఎందుకు పోవాలి? మా కొట్టు వెనక చల్లగది ఉంది చూశారూ, దాని పక్కన గోడకి ఓ కంత ఉంది."

"ఏ కంత?" అంది ఎర్మెలిందా.

"చిన్నదేలెండి. మా నాన్న హయాంనించీ ఉంది."

ఒక్క రాయి కదిలిందో లేదో గోడంతా కూలడం మొదలైంది. మందుల షాపావిడ వాళ్ళ పెరటి మల్బరీ చెట్టు కొమ్మ సంగతి చెప్పింది. చర్చి వెనక మురుగుతూము గురించి ఫాదర్ యూసేబియో తనే ఒప్పుకున్నాడు.

"ఫాదర్! మీరు కూడానా!"

"అప్పటికింకా ఫాదర్ని కాలేదమ్మా" అన్నాడాయన.

ఎర్మెలిందా నిప్పులు చెరిగింది. తన కళ్ళుగప్పి పేటలో సగంమంది ఊరికే ఆట చూశారన్నమాట. తాను ఎండలో, వానలో కుర్చీకి అతుక్కుని కాసింది ఒక్క గేటునేనన్నమాట. "కంచె ఒకచోట, చేను మేసేది ఇంకోచోట! సిగ్గులేదట్రా మీకు?" అని తిడుతోంటే పెద్ద పెద్ద మగాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తిట్లు తర్వాత తిందురుగాని" అన్నాడు ఫాదర్. "ఈ కంతల్లో పట్టేది పిల్లలే. బట్టతల రిఫరీ, రెండు జట్ల ఆటగాళ్ళు, ముసలీ ముతకా పోవాలంటే కాస్త పెద్ద దారి కావాలి."

"పెద్ద దారి ఒకటుంది" అంది మందుల షాపావిడ, అనేసి నాలిక కరుచుకుంది.

అందరూ నేల చూశారు. ఎర్మెలిందా ఒక్కొక్క ముఖమే వెతికింది. "ఎక్కడ?"

మందుల షాపావిడ బసీలియో వెనక్కి జరిగింది.

"ఎక్కడో చెప్పి చావండి!"

"మీ ఇంట్లో, దోన్యా" అన్నాడు బసీలియో. "పెరట్లో జింకు రేకు వెనక. రోకె మామ పెట్టిన దారి."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎర్మెలిందా మాత్రం ఎలా పట్టగలదు? ఆ రేకు కదిలించబోతే రోకె ఎన్నిసార్లు కసిరాడని! "ముట్టుకోకే, గోడ చెమ్మ ఇంట్లోకొస్తుంది" అనేవాడు. మా వైపు చెమ్మ అంటే ఎవరైనా నమ్మేస్తారు. ఆమె గేటు దగ్గర వీధివైపు చూస్తూ కూర్చుంటే, వెనక తన వంటింట్లోంచే పేటలోని పేద పిల్లలంతా వరసకట్టి ఆటకు పోయేవారు. ఆ బురదకాళ్ళ గుర్తులు కనపడకుండా రోకె ఇల్లు తుడిచేవాడు. రొట్టెల కొట్టు దగ్గర దగ్గులు ఎందుకో ఆమెకు అప్పుడు తెలిసింది. ముప్పై ఏళ్ళ గొప్ప మొత్తం ఒక్క క్షణంలో గాలికి పోయింది. కుర్చీ మడిచి చంకన పెట్టుకుని ఇంటికి పోయి తలుపు వేసుకుంది.

శుక్రవారం పొద్దున పెరట్లోకి వెళ్ళి రేకును పక్కకి లాగింది. మనిషి నడుం వంచి పోయేంత దారి. అంచులు తలలకు గీసుకోకుండా సిమెంటుతో నున్నగా తీర్చి ఉన్నాయి. పొట్టివాళ్ళు ఎక్కడానికి కింద రెండిటుకల మెట్టు. పక్కనే మేకుకు ఒక గుడ్డ వేలాడుతోంది, కాళ్ళు తుడుచుకోవడానికి. అది తన పాత గళ్ళ గౌను ముక్కేనని గుర్తుపట్టింది.

"దొంగ సచ్చినోడా!" అంది. "సచ్చి ఆరేళ్ళకి నన్ను నవ్వులపాలు చేశావు కదరా!" ఆ ఇటుకల మీద కూలబడి ఏడ్చింది. కోపంతోనే ఏడ్చింది, కానీ ఏడుస్తూ ఆ సిమెంటు అంచును వేళ్ళతో తడుముతూనే ఉంది.

మధ్యాహ్నం బసీలియో ఒక మంచి మాంసం ముక్క కాగితంలో చుట్టుకుని వచ్చాడు.

"మాంసంతో మాయ చెయ్యకు."

"మాయేం లేదు దోన్యా. ఒక్క మాట చెప్పి పోతా. మా నాన్నకి కొట్టు పెట్టకముందు పనిలేదు. నాకు తొమ్మిదేళ్ళు. గేటు దగ్గర మీరు నన్ను చెవి పట్టి తిప్పి పంపారు. ఏడుస్తూ పోతుంటే రోకె మామ పిలిచి రొట్టెముక్క పెట్టి ఈ దారి చూపించాడు."

"నన్ను వెధవని చేశాడు."

"లేదు. మీ గురించి ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. 'ఆవిడ గట్టిగా ఉండాల్సిందేరా, గేటు వదులైతే క్లబ్బు ఎత్తిపోతుంది. కానీ డబ్బుల్లేని పిల్లోడు అలిగి అవతలి పేట జట్టుకి పోతే మాత్రం క్లబ్బు నిలుస్తుందా?' అనేవాడు. ఆ రేకే లేకపోతే నేను లనేరా మనిషిని అయ్యేవాణ్ణే కాదు. ఇప్పుడు నేనూ, నా ముగ్గురు పిల్లలూ నెలనెలా చందా కడుతున్నాం."

ఎర్మెలిందా మాంసం తీసుకుని లోపల పెట్టి వచ్చింది.

"అందరికీ చెప్పు. రేపు అందరూ మా ఇంట్లోంచే పోతారు. రిఫరీ కూడా. కానీ టిక్కెట్టు లేకుండా ఒక్కణ్ణి కూడా గడప తొక్కనివ్వను. నువ్వు రెండు కొను. తొమ్మిదేళ్ళప్పటిది ఇంకా కొనలేదు."

శనివారం కుర్చీ వేసుకుని ఇంటి గుమ్మం ముందు కూర్చుంది, ఒళ్ళో టిక్కెట్ల చుట్ట, పక్కన పిండి డబ్బా. వరస చర్చి మలుపు దాటింది. ఆ రోజుల్లో చేతిలో డబ్బున్నవాళ్ళు తక్కువ, ఏదుంటే అది ఇచ్చి పుచ్చుకునేవాళ్ళం. ఒకరు రెండు గుడ్లు ఇచ్చారు, ఇంకొకరు బేరిపండు జాము సీసా ఇచ్చారు. ఎర్మెలిందా గుడ్డును వెలుతురుకు ఎత్తి చూసి మరీ టిక్కెట్టు చింపింది. "కాళ్ళు తుడుచుకో. కర్టెన్ ముట్టుకోకు. వంగు, వంగు!" సాన్ ఎలాదియో ఆటగాళ్ళు బిత్తరపోతూ వంటింట్లోంచి నడిచారు. రిఫరీ పొట్ట దారిలో ఇరుక్కుంటే ఫాదర్ వెనకనించి తోశాడు.

"నా నియమాల పుస్తకంలో మైదానం గురించి ఉంది, బంతి గురించి ఉంది" అన్నాడు రిఫరీ అవతలికెళ్ళి గోడనించి అంటిన సున్నం దులుపుకుంటూ. "ఎటునించి రావాలో లేదు."

రిసీవరు ఫోను చేశాడేమో, సార్జెంటు లెదెస్మా జీపులో వచ్చాడు. గేటు చూశాడు. కాగితం అంటించినట్టే ఉంది. వరస వెంబడి నడిచి ఎర్మెలిందా దగ్గరికొచ్చాడు.

"ఎవరమ్మా వీళ్ళంతా?"

"చుట్టాలు."

"ఇంతమందా?"

"మా ఆయనది పెద్ద కుటుంబం. ఉన్నన్నాళ్ళూ ఆయనే చూసుకున్నాడు పాపం, ఇప్పుడు నేను చూసుకుంటున్నా."

లోపల్నించి తప్పెట్ల మోత మొదలైంది. లెదెస్మా టోపీ తీసి తల గోక్కున్నాడు. "గేటు ముద్ర భద్రంగా ఉందని రాసుకుంటా" అని, పోబోతూ ఆగి గొంతు తగ్గించాడు. "ఆ రేకు ఇంకా ఉందా అమ్మా?"

ఎర్మెలిందా అతణ్ణి ఎగాదిగా చూసింది. "నువ్వు కూడానా! పో, నా కళ్ళముందునించి పో!"

చివరి మనిషీ లోపలికి పోయాక వీధి ఖాళీ అయింది. ఆమె ఒక టిక్కెట్టు చింపింది, తన పర్సులోంచి డబ్బు తీసి డబ్బాలో వేసింది, వంటింట్లోంచి పెరట్లోకి నడిచింది. గౌను ముక్కతో చెప్పులు తుడుచుకుని, నడుం వంచి గోడ దాటింది.

మైదానం తను విన్నదానికంటే చాలా చిన్నది. ఒక మూల గడ్డే లేదు. కానీ మెట్ల మీద పేటంతా నిలబడి గొంతు చించుకుంటోంది. తాకట్టు పెట్టిన అధ్యక్షుణ్ణీ, కొనబోయేవాళ్ళనీ, కోర్టునీ కలిపి పాటకట్టి తిడుతోంది. ఎర్మెలిందాకు ధారగా కన్నీళ్ళొచ్చాయి. తుడుచుకోలేదు. కాసేపటికి తానూ లేచి రిఫరీని తిట్టింది. ఇన్నాళ్ళూ ఇంత సుఖాన్ని గోడకు వదిలేశానే అనుకుంది.

ఓడిపోయాం. ఆట మాత్రం జరిగింది. జరిగిందని రిఫరీ సంతకం పెట్టాడు, లీగులో లనేరా పేరు నిలిచింది.

జనం వెళ్ళిపోయాక ఇల్లంతా బురద. ఎర్మెలిందా చీపురు అందుకునేలోపే బసీలియో చొక్కా చేతులు మడిచి తడిగుడ్డ తెచ్చాడు. వెనకే ఇంకో పదిమంది మగాళ్ళు బకెట్లతో వచ్చారు. వాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడుస్తోంటే ఆవిడ గుమ్మంలో నిలబడి, "అక్కడ మరక పోలేదు, మళ్ళీ పెట్టు. రోకె ఇలా తుడిచేవాడు కాదు" అంటూ పని చెప్పింది.

సోమవారం ఎచెబెర్రీ వచ్చాడు. గేటు ముందు ఎర్మెలిందా కుర్చీ ఉంది, కుర్చీలో ఎర్మెలిందా ఉంది. కాగితం చెక్కుచెదరలేదు. అతను దాన్ని గోరుతో గీకి కూడా చూశాడు.

"శనివారం ఇక్కడ ఆట జరిగిందటమ్మా."

"జరిగింది. ఓడిపోయాం. ఆ రెండో గోలు మాత్రం ఆఫ్‌సైడే. నా కళ్ళారా చూశాను."

"మరి ఇంతమంది లోపలికెలా పోయారు?"

ఎర్మెలిందా మాతే గొట్టం నోట్లోంచి తీసింది.

"అదంతా నాకు తెలీదు సార్. నేనున్నాక ఒక్కడు కూడా టిక్కెట్టు లేకుండా లోపలికి పోలేదు."

ముప్పై ఏళ్ళుగా అంటున్న ఆ మాట నిజం కావడం అదే మొదటిసారి.

"ఈ శనివారం కాదు, పై శనివారం మళ్ళీ ఇక్కడే ఆట" అని చుట్టలోంచి ఒక టిక్కెట్టు చింపి అతని చేతిలో పెట్టి, డబ్బు కోసం చెయ్యి చాపింది.