చామంతి తోట, దుప్పులు, నేను పంపిన రిపోర్టు

1968 జూన్‌లో నన్ను కళింగపట్నం తీరం నుంచి లేపి, శ్రీకాకుళం జిల్లాలోనే కొండవార ఉన్న ఒక బ్లాకుకి వ్యవసాయ విస్తరణాధికారిగా బదిలీ చేశారు. హోదా పేరు బారెడు, అధికారం జానెడు. బ్లాకులో బీడీవో చెప్పినట్టు వినాలి. పంటల విషయంలో మాత్రం శ్రీకాకుళంలో కూర్చున్న జిల్లా వ్యవసాయాధికారికి జవాబు చెప్పాలి. నాకింద ఊరూరా తిరిగే గ్రామసేవకులు, నాకంటూ ఒక సైకిలు, ఒక టూర్ డైరీ. ఏ రోజు ఏ ఊరు వెళ్ళానో, ఎవరికి ఏం చెప్పానో ఆ డైరీలో రాసి నెలాఖరుకి పైకి పంపాలి.

ఆ ఏడు ప్రతి బ్లాకులోనూ ఒక కొత్త పంటతో ప్రదర్శన క్షేత్రం వెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. ప్రదర్శన క్షేత్రమంటే భూమి రైతుది, చాకిరీ రైతుది. నారు, ఎరువు, సలహా మావి. పంట బాగా వస్తే చుట్టుపక్కల వాళ్ళు చూసి నేర్చుకుంటారని ఆశ. పక్క బ్లాకుల వాళ్ళు తెలివైనవాళ్ళు, కొత్త రకం వరి వేసి ఊరుకున్నారు. నాకు మాత్రం అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు, బుర్రలో పురుగు తొలిచింది. విజయనగరం పూల షావుకారు ఒకాయన కార్తీకంలో చామంతులన్నీ దూరం నుంచి రైల్లో వాడిపోయి వస్తున్నాయని ఒకసారి నా దగ్గర వాపోయాడు. కొండవార ఎర్రనేల, చల్లటి గాలి, పక్కనే గెడ్డలో, అంటే కొండవాగులో, నీళ్ళు ఉన్నాయి కదా, మనమే పండిద్దామనుకున్నాను.

గెడ్డవలస అనే ఊళ్ళో తవిటినాయుడి అర ఎకరం ఎంచుకున్నాను. కాయితాల్లో రైతు తవిటినాయుడు. అతను ఏడాదిలో సగం రోజులు బండి తోలుకుంటూ సంతల వెంట తిరిగేవాడు. చేలో రైతు అతని భార్య పైడమ్మ. నలభై ఏళ్ళుంటాయేమో, సన్నగా, గట్టిగా ఉండేది, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడేది కాదు. ఆ చెక్కలో వాళ్ళు ఏటా చోళ్ళు, అంటే రాగులు, చల్లుకునేవారు. ఆ చోళ్ళ అంబలే వాళ్ళ ఇంటికి ఎండాకాలం తిండి.

నేను చామంతి సంగతంతా ఏకరువు పెట్టాక ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

“పువ్వు పండకపోతే ఎండల్లో ఏటి తింతాం బాబూ?”

“పండుతుందమ్మా. నాది పూచీ,” అన్నాను.

ఇప్పుడు తలుచుకుంటే ఆ నోటికి రెండు తగిలించాలనిపిస్తుంది. నెల జీతం మీద బతికేవాడు ఇంకొకరి గింజలకి పూచీ పడ్డాడు!

ఆషాఢంలో పిలకలు నాటాం. శ్రావణంలో తలలు తుంచాం. చామంతికి లేత చిగురు తుంచితే పక్కకొమ్మలు చీలి గుబురెక్కుతుంది, పువ్వు ఎక్కువొస్తుంది. కన్నబిడ్డ జుట్టు కత్తిరిస్తున్నట్టు ఆవిడ ఒక్కో చిగురూ ఆలోచించి తుంచింది. ఆశ్వయుజం వచ్చేనాటికి తోట మోకాలెత్తు పెరిగి, కొమ్మకొమ్మకీ బఠాణీ గింజలంత మొగ్గలు తొడిగింది. నేను టూర్ డైరీలో ‘సంతృప్తికరం’ అని రాసి కింద గీత కూడా గీశాను.

ఆశ్వయుజం పుట్టిన నాలుగో రోజున తవిటినాయుడు ఆఫీసుకి పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, “బాబుగోరూ, దుప్పులు దిగిపోనాయి! మొగ్గలు మేసీసినాయి!” అన్నాడు. నేను సైకిలెక్కి వెళ్ళేసరికి కొండ వైపు మూడు వరసలు బోడిగా ఉన్నాయి. పైన మొగ్గల్ని దుప్పులు నున్నగా కోసుకుపోయాయి, కింద ఆకుల్ని కుందేళ్ళు కొరికాయి. శ్రావణంలో తుంచితే మళ్ళీ చిగురిస్తుంది. ఆశ్వయుజంలో తుంచితే ఆ కొమ్మకి ఇక ఆ ఏటికి పువ్వు లేనట్టే. ఆ సంగతి నాకు తెలుసు, పైడమ్మకీ తెలుసు. ఆవిడ వంగి తెగిన కొమ్మలు ఏరడం మొదలుపెట్టింది. రెండు తిట్టినా బాగుండేది.

ఇలాంటప్పుడు మామూలుగా చేసే పనులన్నీ చేశాం. రేగుకంప తెచ్చి చుట్టూ కంచె కట్టాం. దుప్పులు దాని మీంచి ఒక్క గెంతు గెంతాయి. పాత చీరలు తాళ్ళకి వేలాడదీశాం, డబ్బాల్లో గులకరాళ్ళు వేసి కట్టాం. మూడు రోజులు బెదిరాయి. నాలుగో రోజు తెల్లారేసరికి ఇంకో వరస పోయింది. టపాకాయలు పేల్చడానికీ, కాగడాలతో కాపలా కాయడానికీ వీల్లేదు. మన్యంలో గొడవలు ముదురుతున్న రోజులవి. కొండకింద చప్పుడైతే పోలీసులు వస్తారని ఒక భయం, దీపం కనబడితే ఇంకెవరో వస్తారని మరో భయం. చీకటి పడితే ఊరంతా తలుపులు బిడాయించుకునేది. అటవీశాఖ రేంజరుకి ఉత్తరం రాశాను. అడవి దాటి వచ్చిన జంతువు ఏ అడవిదో, ఎన్ని వచ్చాయో నిర్ణీత ఫారంలో తెలపమని జవాబొచ్చింది. దుప్పుల్ని నిలబెట్టి చిరునామా అడగమంటారా అని రాద్దామనుకుని, ఉద్యోగం గుర్తొచ్చి మానుకున్నాను.

ఆ వారం నాకు అన్నం సయించలేదు. పొద్దున్నే మెలకువ రాగానే ఇవాళ ఎన్ని వరసలు పోయుంటాయో అని లెక్క వేసుకునేవాణ్ణి. పైడమ్మ అడిగిన ఆ ఒక్క ప్రశ్నే చెవిలో తిరిగేది.

అప్పుడు నాకు భావనపాడు గుర్తొచ్చింది. తీరంలో పనిచేసినప్పుడు అక్కడ పల్లెకారుల గుడిసెల ముందు చిక్కుడు పాదులు చూసేవాణ్ణి. చేపలు కడిగిన నీళ్ళు ఆడవాళ్ళు వాటి మీదే పారబోసేవారు. ఊళ్ళో మేకలు గోడకంటించిన కాయితాన్ని కూడా వదిలేవి కావు గానీ ఆ పాదుల్ని మూతితో ముట్టేవి కావు. ఆ వాసనంటే గడ్డి తినే జంతువుకి పడదన్నమాట. మేకకి పడనిది దుప్పికి మాత్రం ఎందుకు పడుతుంది? వెంటనే మనిషిని పంపి భావనపాడు నుంచి ఒక బస్తా ఎండుచేపల తలలూ పొట్టూ తెప్పించాను. బస్సు కండక్టరు దాన్ని లోపలికి రానివ్వక టాపు మీద కట్టించాడట.

కుండల్లో మూడు రోజులు నానబెట్టి, గుడ్డలో వడకట్టి, ఒకటికి నాలుగు పాళ్ళ నీళ్ళు కలిపి, చేతిపంపు స్ప్రేయరుతో నాలుగు రోజులకోసారి మొక్కల మీద బాగా తడిసేలా చల్లాలని పైడమ్మకి వివరంగా చెప్పాను. ఆవిడ కుండ వైపు చూసింది, తోట వైపు చూసింది.

“మొక్క మీదేనా బాబూ?” అంది.

“మొక్క మీదేనమ్మా. ఆకూ మొగ్గా అన్నీ తడవాలి.”

“అలగే బాబూ.”

వారం తరవాత వెళ్ళాను. కంచె దగ్గరికి వచ్చేసరికే గుప్పుమని కొట్టింది, నాకు ప్రాణం లేచొచ్చింది. స్ప్రేయరు కడిగి తడిగా గట్టు మీద బోర్లించి ఉంది. కంచెకి గోనె ముక్కలు వేలాడుతుంటే, పాత చీరల్లాగే బెదిరింపుకి కట్టిందనుకున్నాను. కంచె అవతల మట్టిలో గిట్టల గుర్తులు వచ్చినంత దూరం వచ్చి వెనక్కి తిరిగి ఉన్నాయి. చెప్పినట్టు చేశావా అమ్మా అని అడిగాను. చేశాను బాబూ అంది. ఆ తరవాత వారం కూడా ఒక్క మొగ్గ పోలేదు. నేను ఆగలేకపోయాను. ‘ఎండుచేపల కషాయమును పూమొక్కలపై పిచికారీ చేయుట ద్వారా దుప్పుల నివారణ’ అని రెండు పేజీల రిపోర్టు రాసి జిల్లా ఆఫీసుకి పంపాను. అధికారి మెచ్చుకుంటూ, దీన్ని అన్ని బ్లాకులకీ పంపిస్తానని కార్డు రాశారు. ఆ కార్డు జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను.

దీపావళి మర్నాడు పొద్దున్న నేను భోంచేసే మెస్‌లో వడ్డించే ముసలాయన ఆకు ముందు నిలబడి, “కార్తీకం వచ్చీసినాది బాబూ. ఈ నెల్లాళ్ళూ నీసు ఉండదు,” అన్నాడు.

నీసంటే చేపా మాంసమూ. ఏటా వినే మాటే. కానీ ఆ పూట కలిపిన ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

మా చామంతులు వెళ్ళేది ఎక్కడికి? కార్తీక పూజలకి. ఇంట్లో చేప ముక్క వండని నెలలో, శివుడి నెత్తిన పెట్టే పువ్వుకి నేను చేపల నీళ్ళు పట్టించాను! ఒరే దరిద్రుడా, నాలుగు బళ్ళ చదువు చదివావు, ఈ మాత్రం తట్టలేదా అని పైకే అనేశాను. ముసలాయన తననే అనుకుని నొచ్చుకున్నాడు.

అసలు గండం ఇంకోటుంది. మొదటి కోత చూడడానికి విజయనగరం షావుకారు వస్తానన్నది ఆ పొద్దుటే. ఆకు మడిచి సైకిలెక్కాను. తొమ్మిది మైళ్ళు, చివరి మూడు మైళ్ళు రాళ్ళ బాట. దారి పొడుగునా ఒకటే ఆలోచన. పువ్వు మీద నీసు వాసన తగిలితే ఆయన ముట్టడు. ముట్టకపోగా సంతలో చెబుతాడు. ‘నీసు చామంతి’ అని పేరు పడితే గెడ్డవలస పువ్వు ఈ ఏడే కాదు, ఏనాటికీ గుడి గుమ్మం ఎక్కదు. దుప్పులు నాలుగు వరసలే మేశాయి, నేను తోట మొత్తం మేశాను. గెడ్డ నీళ్ళతో కడిగితే పోతుందా? ఎన్ని పువ్వులని కడుగుతాం? చోళ్ళు చల్లే కాలం ఎప్పుడో దాటిపోయింది.

నేను వెళ్ళేసరికి షావుకారు తోట మధ్యలో ఉన్నాడు. పసుపు పచ్చగా విచ్చిన పువ్వొకటి తుంచి, రేకులు వేళ్ళతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని ఉన్నాడు. పక్కన పైడమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. నేను కంచె దగ్గరే ఆగిపోయాను.

ఆయన మళ్ళీ వాసన చూశాడు. కళ్ళు మూసుకుని మరోసారి చూశాడు.

“నిన్న రేత్రి మంచు ఇంకా ఆరనేదు. అందుకే ఇంత ఘాటు,” అన్నాడు. “రేపు పొద్దున్న బండి పంపుతాను. ఇలాటి పువ్వు కార్తీకమంతా నాకే ఇవ్వాల మరి.”

ఆయన వెళ్ళాక నేను తోటలోకి నడిచాను. తరవాత ఒక పువ్వు కోసి నేనూ వాసన చూశాను. చామంతి వాసనే, ఇంకేమీ లేదు.

నిజం చెప్పమని పైడమ్మని అడిగాను. ఆవిడ నన్ను తోట వెనక కొండ వైపుకి తీసుకెళ్ళింది. రేగుకంప పొడుగునా మూరకొకటి చొప్పున గోనె ముక్కలు వేలాడుతున్నాయి, సరిగ్గా దుప్పి ముక్కెత్తున. కుందేళ్ళ కోసం నేల మీద కూడా వరసగా పరిచింది. చేపల నీళ్ళన్నీ ఆ గోనెలకే పట్టించింది. దారి వైపున్నవి మాత్రం షావుకారు వస్తాడని పొద్దున్నే తీసేసింది, గాలి కూడా ఆ పూట కొండ వైపుకే వీస్తోంది. మరి స్ప్రేయరు తడిగా ఉందేమని అడిగాను. గెడ్డ నీళ్ళు చల్లాను బాబూ అంది. నేను మొక్కలు ముట్టుకుని చూస్తే పొడిగా ఉండకూడదని.

నాకు కోపమూ సిగ్గూ ఒకేసారి ముంచుకొచ్చాయి. ముందే ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను.

“దుప్పికి ఆ వాసన సరిపడదని మీరు సెప్పినారు, అది నిజమేననుకున్నాను. పువ్వు మీద మాత్రం నీసు ఎలగ సల్లుతాను బాబూ, దేవుడికెల్లే పువ్వు కదా? వొద్దని మీ మొకం మీద సెప్తే ఆఫీసరు గోరికి సిన్నతనం. అందుకే అలగే అన్నాను.”

నా పూచీ నిలబెట్టింది ఆవిడే. నా మాట వినుంటే ఎండాకాలం వాళ్ళ పొయ్యి మీద కుండ ఎక్కేది కాదు.

అక్కడితో అయిపోలేదు. నా రిపోర్టు జిల్లా ఆఫీసులో ఉంది. అది అన్ని బ్లాకులకీ వెళ్ళిందంటే, పైడమ్మలాగా కాకుండా చెప్పింది చెప్పినట్టు చేసే రైతు ఎవరో ఒకరు దొరుకుతాడు. వాడి తోట పోతుంది. మధ్యాహ్నం బస్సు పట్టుకుని ఆఫీసు మూసేలోగా శ్రీకాకుళం చేరాను. గుమాస్తా నా రిపోర్టుకి సైక్లోస్టైలు స్టెన్సిలు కోయడం అయిపోయింది, కాపీలు ఇంకా తియ్యలేదు. నేనా స్టెన్సిలు మీద చెయ్యి పెట్టేసరికి ఆయన అరిచాడు. ఆ కేకకి అధికారే బయటికొచ్చారు.

జరిగింది చెప్పాను. ఆయన “చల్లుతుండగా నువ్వు కళ్ళతో చూశావా?” అని అడిగారు.

చూడలేదని చెప్పాను. చూడకుండా నివేదిక పంపినందుకు సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. అది నా సర్వీసు రిజిస్టరులో నేను రిటైరయ్యేదాకా ఉంది. కొత్త రిపోర్టులో మొక్కల మీద చల్లవద్దనీ, కంచెకి గోనెలు కట్టాలనీ రాశాను. అది అన్ని బ్లాకులకీ వెళ్ళింది. అందులో పద్ధతి కనిపెట్టిన రైతు పేరు తవిటినాయుడు అని పడింది. భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళ పేరే రాయాలట, రూలు. పైడమ్మకి ఈ సంగతి చెబితే, పేరు అంబలిలో నంజుకుంటామా బాబూ అని నవ్వింది.

ఆ తరవాత ఇరవై ఎనిమిదేళ్ళు ఉద్యోగం చేశాను. చెప్పినట్టు చేశావా అని మళ్ళీ ఏ రైతునీ అడగలేదు. అలా అడిగితే మర్యాద తెలిసిన ప్రతి రైతూ చేశాను బాబూ అనే అంటాడు. ఏం చేశావో చూపించమని అడిగి, ఆ మనిషి వెనకే కంచె అవతలి దాకా నడిచి చూసేవాణ్ణి. రిపోర్టు ఆ తరవాతే రాసేవాణ్ణి.