గోడ అవతలి ముచ్చట

మా ఊరు ఇప్పుడు బొగ్గు గని. పోస్టాఫీసు నడిచిన మా ముందు గది ఎక్కడుండేదో చూపించమంటే, కంచె ఇవతల నిలబడి గోతి మీది గాలిలోకి వేలు చూపించాలి. మామయ్య తర్వాత దాన్ని నడిపింది నేనే. ఊరు ఖాళీ చేయించినప్పుడు ముద్రలూ సంచీ సర్దుకుని పునరావాస కాలనీకి వచ్చాను.

కాలనీలో చీటీలు తీసి ప్లాట్లు ఇచ్చారు. పక్కపక్క ఇళ్లవాళ్లు తలో దిక్కయ్యారు. నేను మాత్రం ఉత్తరాలను పాత ఊరి వరసలోనే సర్దేదాన్ని. దాంతో ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఈ చివరకు తిరుగుడే. నంబర్ల ప్రకారం సర్దుకోవచ్చు కదా అని మా ఆయన విసుక్కునేవాడు. చెయ్యి వినకపోతే నేనేం చెయ్యను?

ఆ తిరుగుడులో ఇద్దరు అవ్వలకు దొరికిపోయాను. ఊళ్లో వాళ్లిద్దరి ఇళ్లకూ ఒకటే గోడ. పొద్దున్నే ఒకామె రోకలితో రెండు దెబ్బలు వేస్తే, అవతలామె చెంబుతో జవాబు కొట్టేది. ఆ తర్వాత చెరోవైపు కూర్చుని ముచ్చట్లు. ఇప్పుడు ఇద్దరికీ మోకాళ్లు పనిచేయవు, ఫోనులో సరిగా వినబడదు. ఇక మిగిలిన గోడను నేనే.

"పుంటికూర వండిన అని చెప్పు బిడ్డా."

"ఉప్పు తక్కువెయ్యమను, దానికి బీపీ ఉన్నది."

నాకు ఒళ్లు మండేది. ఎండలో గని దుమ్ము మింగుతూ పుంటికూర మోయడానికా సర్కారు నన్ను పెట్టుకుంది?

మొన్న మా పోస్టాఫీసును టౌను ఆఫీసులో కలిపేశారు. ఇక అక్కడి మనిషే వచ్చి నంబర్లు చూసి పంచిపోతాడు. పీడ విరగడైందనుకున్నాను. చివరి రోజు రోకలి కొట్టే అవ్వకు రేపటి నుంచి రానని చెప్పాను.

"మరి రేపటి సంది దానికెవలు చెప్తరు?" అంది.

ఆమె కొంగు నలుపుకుంది.

"గోడవతల్నే ఉన్ననుకొమ్మని చెప్పు."

ఆ చివరకు నడిచి రెండో అవ్వకు అలాగే చెప్పాను. ఆమె పక్కనున్న చెంబు తీసుకుని వెనక గోడ మీద రెండు దెబ్బలు కొట్టింది. ఆ గోడ అవతల ఉండేది వేరే ఊరి నుంచి వచ్చినవాళ్లు.

"ఏందవ్వా, ఏమన్న కావాల్నా?" అని ఓ ఆడగొంతు అరిచింది.

"ఏం లేదు బిడ్డా, ఊకనే కొట్టిన," అంది అవ్వ.

నాకు గడప దాటబుద్ధి కాలేదు. ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను.