ఒక్క తప్పు లేని వాక్యం

మా అద్దె ఇంట్లో ఉండే నలుగురు ఆడవాళ్ళలో ఆవిడే పెద్దది. నలభై ఏడేళ్ళు. ఎక్కడికి వెళ్ళినా చంకలో ఒక నోటుబుక్కు ఉండేది కాబట్టి ఎదురుగా అక్కా అనేవాళ్ళం, వెనకాల నోటుబుక్కక్క అనేవాళ్ళం. "ఆ పేరేదో ఎదురుగానే పిలవండమ్మా, నా చెవులు బాగానే పనిచేస్తున్నాయి" అని ఒకరోజు పప్పు కలుపుకుంటూ అనేసరికి మాకు తలకాయలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సొంత దేశంలో ఆవిడ పదిహేడేళ్ళు ఆసుపత్రిలో కట్లు కట్టే నర్సుగా చేసింది. పుండు చూడగానే అది ఎన్నాళ్ళదో, మానే రకమో ముదిరే రకమో చెప్పేసేదట. డాక్టర్లు ఆవిడ మొహం చూసి మందు మార్చిన రోజులు కూడా ఉన్నాయట. భర్త పోయాక, ఇక్కడ ముసలివాళ్ళను చూసుకోవడానికి మనుషులు కావాలంటే వచ్చింది. ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కేదాకా ఆ నర్సు సర్టిఫికెట్టు ఇక్కడ చిత్తు కాగితమే. రెండుసార్లు రాసింది, రెండుసార్లూ పోయింది. అందాకా వృద్ధాశ్రమంలో హెల్పరు. స్నానాలు చేయించడం, దుప్పట్లు మార్చడం, అన్నం తినిపించడం.

అదే ఆశ్రమం వంటగదిలో నా ఉద్యోగం. నా ఇంగ్లీషు సంగతి చెప్పక్కర్లేదు. వింటే చాలావరకు అర్థమవుతుంది, మాట్లాడాలంటే మాత్రం నాలుగు ముక్కలు, రెండు చేతులు. ఎవరైనా నవ్వితే నేనూ నవ్వి గరిటె చూపిస్తాను. ఆరేళ్ళుగా అలాగే నెట్టుకొచ్చాను. అక్క అలా కాదు. తప్పు మాట్లాడటం కంటే నోరు మూసుకోవడం మర్యాద అనుకునే మనిషి. ఆ మర్యాదకు కూడా ఒక కారణం ఉంది. ఆ కారణం పుట్టిన చోట నేనూ ఉన్నాను.

ఆశ్రమంలో ప్రతి ముసలివారికీ ఒక పుస్తకం ఉంటుంది. డ్యూటీ దిగేముందు హెల్పరు అందులో ఆ పూట చూసింది రాయాలి. అక్క చేరిన మొదటి నెలలో ఒక తాతగారి భోజనం గురించి రెండు లైన్లు రాసింది. అందులో తప్పేమిటో నాకిప్పటికీ తెలియదు. మా ఇన్‌ఛార్జి మేడమ్ టీ వేళ ఆ పుస్తకం తెచ్చి అందరి ముందూ చదివింది. ఎనిమిది మంది పగలబడి నవ్వారు. టీ బండి పట్టుకుని నిలబడ్డ నేనూ నవ్వాను. అర్థమై కాదు, అందరూ నవ్వుతున్నారని నవ్వాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా రాయాలి. "ఇలాంటివి ఇంకో రెండు కనబడితే కింద బట్టలుతికే గదిలోకి పంపేస్తాను" అంది మేడమ్. అక్క తలూపింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ రోజు నుంచి అక్క ఒక ఉపాయం పట్టింది. పాత హెల్పర్లు పుస్తకాల్లో రాసిన వాక్యాలు ఏరి, అక్షరం పొల్లుపోకుండా తన నోటుబుక్కులోకి ఎక్కించుకుంది. మొత్తం ఇరవై ఆరు. బాగా తిన్నారు. హాయిగా నిద్రపోయారు. చర్మం బాగుంది, ఆందోళన ఏమీ లేదు. వీటినే మార్చి మార్చి రాసేది. మేడమ్ ప్రతి పేజీ కింద టిక్కు పెట్టేది. ఒకసారి మిగతావాళ్ళకు చూపించి "ఇలా శుభ్రంగా రాయాలి" అందట. ఆ ముక్క అక్క మాకు ఒకే రాత్రి భోజనంలో మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ కొత్తగా విన్నట్టే విన్నాం.

ఇరవై ఆరులో ఒక్కటీ చెడు కబురు చెప్పే వాక్యం కాదు. అన్నీ క్షేమసమాచారాలే. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

ఏడో నంబరు గదిలో ఒక మామ్మగారు ఉండేది. ఒకప్పుడు బడిలో పంతులమ్మ. కాళ్ళు పడిపోయాయి, ఒంట్లో షుగరు, మాట మాత్రం గంట కొట్టినట్టు ఉండేది. పొద్దున్నే అక్క తల దువ్వుతుంటే ఆవిడ రోజుకో మాట నేర్పేది. అక్క తప్పుగా పలికితే నవ్వేది కాదు, అక్క గడ్డం పట్టుకుని నోరు ఎలా తిప్పాలో చూపించేది. ఆ ఆశ్రమం మొత్తంలో అక్క నోరు విప్పి మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే. మామ్మగారి కూతురు ఆదివారం ఆదివారం వచ్చేది. ఒకసారి అక్క చేతులు పట్టుకుని, "మా అమ్మ మీ గురించే చెబుతుంది, మీరుంటే నాకు ధైర్యంగా ఉంటుంది" అంది. ఏ అవసరమొచ్చినా చెయ్యమని ఫోను నంబరు ఇచ్చింది. అక్క ఆ మాటా, నంబరూ కూడా నోటుబుక్కులో రాసుకుంది.

ఒక సోమవారం పొద్దున దుప్పటి మారుస్తుంటే మామ్మగారి ఎడమ మడమ మీద చింతగింజంత నల్లటి మచ్చ కనబడింది. చుట్టూ ఎరుపు. వేలు పెడితే వేడి. కాళ్ళల్లో స్పర్శ లేదు కాబట్టి మామ్మగారికి నొప్పి తెలియదు. అక్కకు మాత్రం చూడగానే తెలిసిపోయింది. పైకి చింతగింజ, లోపల ఎముకదాకా దారి. షుగరున్న ఒంట్లో అది ఎంత తొందరగా పాకుతుందో ఆవిడకు తెలిసినంతగా ఆ భవనంలో ఇంకెవరికీ తెలియదు.

డ్యూటీ దిగేముందు పుస్తకం తీసింది. ఇరవై ఆరు వాక్యాలూ వెతికింది. పనికొచ్చేది లేదు. సొంతంగా రాస్తే ఎలా వస్తుందో ఆవిడకు తెలుసు, టీ వేళ ఏమవుతుందో కూడా తెలుసు. చర్మం బాగుంది, ఆందోళన ఏమీ లేదు అని రాసి, రేపు సరైన మాటలు తెచ్చుకుని రాస్తాననుకుని ఇంటికొచ్చింది.

ఆ సాయంత్రం నా మంచం పక్కన కూర్చుంది. "చెల్లీ, మడమ నల్లబడింది, లోపల చీము పడుతోంది, వెంటనే డాక్టరు చూడాలి. దీన్ని ఇంగ్లీషులో ఎలా అంటారే?"

పొద్దున ఐదింటి నుంచి నిలబడి ఉన్నాను. కాళ్ళు నావి కావు. "అక్కా, నీకు దణ్ణం పెడతాను, నన్ను చంపకు. బుధవారం నీ ఇంగ్లీషు క్లాసు ఉందిగా, ఆ టీచరమ్మని అడుగు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఎవరికి, ఏమైందక్కా అని అడగలేదు. తప్పో ఒప్పో ఉన్నదున్నట్టు రాసి పారెయ్యి అని కూడా అనలేదు. నాకు తెలిసిన ఇంగ్లీషు కిటుకంతా అదే కదా, ఆ ఒక్క ముక్కా చెప్పలేదు.

అలాంటి వాక్యం క్షణంలో చెప్పగలిగిన మనిషి ఇంకొకరున్నారు. మామ్మగారే. కానీ మీ కాలు కుళ్ళుతోంది, దాన్ని మంచి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నేర్పండి అని ఆవిడనే ఎలా అడుగుతుంది?

మంగళవారం అక్క ధైర్యం చేసింది. వసారాలో మేడమ్‌కి ఎదురు వెళ్ళింది. మేడమ్ భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని నడుస్తోంది. "మేడమ్, రూమ్ సెవెన్, లెగ్, నాట్ గుడ్" అంది అక్క. వంటగది కిటికీలోంచి నేను విన్నాను.

"రాయండి. పుస్తకంలో లేనిది జరగనట్టే. సాయంత్రం చదువుతాను" అని మేడమ్ ఆగకుండా వెళ్ళిపోయింది. "ఎస్ మేడమ్, ఎస్ మేడమ్" అని అక్క గంగిరెద్దులా తలూపింది. మనవాళ్ళకు ఇదొక జబ్బు. పెద్దవాళ్ళు ఏమన్నా ముందు తలూపేస్తాం, కాదని చెయ్యి పట్టుకుని ఆపాలంటే ప్రాణం పోయినంత పనవుతుంది.

తర్వాత అక్క పుస్తకం ముందు పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడింది. చివరికి మళ్ళీ అదే రాసింది, చర్మం బాగుంది అని. చేతులకు తెలిసిందంతా మాత్రం చేసింది. పుండు కడిగింది, మడమ మంచానికి తగలకుండా పిక్క కింద దిండు పెట్టింది, గంటకోసారి వెళ్ళి చూసింది. రాత దగ్గర ఆగిన చెయ్యి పుండు దగ్గర ఆగలేదు.

బుధవారం కూడా పుస్తకంలో అదే వాక్యం రాసింది. ఆ సాయంత్రం లైబ్రరీ గదిలో క్లాసు. పదకొండు మంది వస్తారు. టాక్సీవాళ్ళు, ఆఫీసులు తుడిచేవాళ్ళు, ఇళ్ళల్లో పిల్లల్ని చూసేవాళ్ళు. అక్క తను రాసుకున్న వాక్యం టీచరమ్మకు చూపించింది. ఎందుకు అని అడిగితే పరీక్ష కోసం అంది. నిజం చెబితే ఇంకా ఎందుకు రిపోర్టు చెయ్యలేదంటారని భయం. టీచరమ్మ నాలుగు చోట్ల దిద్ది, చాలా బాగుందని మెచ్చుకుని, బోర్డు మీద రాసి క్లాసు మొత్తం చేత చదివించింది. ఎడమ మడమ మీద నల్లటి పుండు ఉంది, చుట్టూ ఎర్రగా వేడిగా ఉంది, వెంటనే డాక్టరు చూడవలసిన అవసరం ఉంది. పదకొండు మందీ గొంతు కలిపి రెండుసార్లు చదివారు. అక్క ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే కళ్ళు మెరిశాయి.

గురువారం ఏడింటికి డ్యూటీ ఎక్కగానే అక్క నేరుగా పుస్తకం దగ్గరికి వెళ్ళింది. ముందు వాక్యం రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలతో, కామాలు కూడా చూసుకుంటూ రాసింది. ఆ తర్వాత ఏడో నంబరు గదిలోకి వెళ్ళింది. మామ్మగారి ఒళ్ళు నిప్పుల కుంపటిలా ఉంది. కళ్ళు తేలేసింది. పిలిస్తే పలకలేదు. అక్క వేసిన కేక వంటగదిదాకా వినబడింది, అది తెలుగు కేక. అంబులెన్సు వచ్చింది. శనివారం మధ్యాహ్నం మామ్మగారు పోయింది. పుండులోని విషం రక్తంలో కలిసిందన్నారు.

అక్క వారం రోజులు అన్నం ముట్టలేదు. "నేను చూశానే, నేను చూశాను" అని గోడకు చెప్పుకునేది. ఇంక అక్కకు మిగిలింది ఒక్కటే, ఈ పని. అది పోతే ఇక్కడ ఉండే హక్కు పోతుంది, పరీక్ష పోతుంది, మళ్ళీ ఎక్కడా నర్సు అనిపించుకోవడం ఉండదు. పై ఆఫీసు నుంచి విచారణకు ఒక పెద్దమనిషి వస్తున్నాడన్నారు. తోడుగా ఒకరు రావచ్చంటే నేను వెళ్ళాను. ముందురోజు నేనే నూరిపోశాను. "భాష రాదని చెప్పక్కా. రాయడం చేతకాలేదను, వసారాలో మేడమ్‌కి నోటితో చెప్పానను. పాపం అని వదిలేస్తారు." అక్క సరేనంది.

పొడుగాటి బల్ల. అటు ఆ పెద్దమనిషి, పక్కన మేడమ్. ఇటు మేమిద్దరం. మేడమ్ తనకెవరూ ఏమీ చెప్పలేదంది, అక్క మొహం చూడకుండా అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను కిటికీలోంచి విన్నానని నా నాలుగు ముక్కల్లో చెప్పబోతే, తోడు వచ్చినవాళ్ళు మాట్లాడకూడదన్నాడాయన. అక్క వంతు వచ్చింది. భాష రాదు సార్, అందుకే రాయలేదు, మేడమ్‌కి నోటితో చెప్పాను అని నేర్పినట్టే చెప్పింది.

ఆయన పుస్తకం తెరిచాడు. సోమవారం, మంగళవారం, బుధవారం చదివాడు. చర్మం బాగుంది, ఆందోళన ఏమీ లేదు. తర్వాత పేజీ తిప్పి గురువారంది చదివాడు, నెమ్మదిగా, మధ్యలో ఆగి ఆగి.

"ఇది మీరే రాశారా?"

"ఎస్ సర్."

"ఎప్పుడు రాశారు?"

"సోమవారం మొదలు. బుధవారం పూర్తి" అంది అక్క. ఆవిడకు అబద్ధాలు రావు, నేర్పినవి కూడా ఒకటికి మించి నిలవవు.

"ఇందులో ఒక్క తప్పు లేదు. నా కింద పనిచేసేవాళ్ళు కూడా ఇంత చక్కగా రాయరు. ఇలా రాయగలిగిన మనిషి భాష రాదంటే ఎలా నమ్మను?" అన్నాడు.

ఆవిడను పనిలోంచి తీసేశారు. ముసలివాళ్ళను చూసుకునే ఏ పనికీ పనికిరాదని కాగితం మీద రాశారు. మేడమ్ చేతులు దులుపుకుని లేచి వెళ్ళిపోయింది.

బయట వసారాలో బెంచీ మీద మామ్మగారి కూతురు కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. తిడుతుందని నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. ఆమె తిట్టలేదు. "మా అమ్మకు అసలేం జరిగింది? నాకెవరూ సరిగ్గా చెప్పడం లేదు" అంది.

అక్క నా చెయ్యి విడిపించుకుని చెప్పడం మొదలుపెట్టింది. మడమ, మచ్చ, వేడి, దిండు, మేడమ్, వసారా, క్లాసు. మాటలు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి. తెలియనిచోట తన మడమ చూపించింది, వేలితో సైజు చూపించింది, మధ్యమధ్య తెలుగు కలిపేసింది, ఏడ్చింది. పదిహేను నిమిషాలపాటు ఒక్కసారి కూడా నోటుబుక్కు తెరవలేదు. అంత చెత్త ఇంగ్లీషు నేను కూడా మాట్లాడను.

కూతురు ఎక్కడా ఆపలేదు, ఏమిటీ అని ఒక్కసారి కూడా అడగలేదు. అన్నీ విన్నాక కళ్ళు తుడుచుకుని అడిగింది. "నాకంతా అర్థమైంది. ఇలాగే ఆ సోమవారం నాకొక ఫోను చేసి ఎందుకు చెప్పలేదు?"

అక్క నా వైపు చూసింది. ఆ సోమవారం సాయంత్రం గోడ వైపు తిరిగి పడుకున్నది నేనే.