అర్జీల హనుమండ్లు సారు

హనుమండ్లు సారుకు ఒకటే జబ్బు. కష్టమొచ్చినా, కోపమొచ్చినా, కాలికి ముల్లు గుచ్చుకున్నా అర్జీ రాస్తారు. రాసి ఊరుకోరు. ఎవరికిచ్చారో వాళ్ల చేత ‘ముట్టింది’ అని సంతకం పెట్టించుకుంటారు. సంతకం పెట్టనివాళ్ల మీద ఇంకో అర్జీ.

ఇదంతా నాకెలా తెలుసంటే, కరీంనగర్‌లో కలెక్టరేట్ ఎదుటి సందులో జిరాక్స్ దుకాణం నాది. పేరు భానుప్రసాద్. పన్నెండేళ్లుగా ఆయన అర్జీలు టైపు చేసిన వేళ్లు ఇవే. ఒకసారి పక్కింటి కోడి వేళ తప్పి కూస్తోందని మున్సిపాలిటీకి రాయించారు.

“కోడికి నోటీసు ఎట్లిస్తరు సార్?” అన్నాను.

“యజమానికిస్తరు. నకలు కోడికి.”

ఉద్యోగంలో ఉన్నప్పుడూ ఇంతే. ఉట్నూర్‌లో ఒక సర్కారు ఆఫీసులో అర్జీలు తీసుకునే గుమస్తాగా ఉండేవారు. ఒకనాడు పావుగంట చాయ్‌కి పోయి వచ్చేసరికి ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్ల పని చేసి పంపి, ‘గుమస్తా సీటులో లేడు’ అని తన మీద తానే ఫిర్యాదు రాసుకున్నారు. తానే తీసుకొని, తానే సంతకం పెట్టి, ఆఫీసరు ముందు పెట్టారు.

“దీన్నేం చెయ్యమంటవయ్యా?” అని ఆఫీసరు తల పట్టుకున్నాడట.

“మెమో ఇయ్యిండ్రి సార్.”

మెమో ఇచ్చారు. హనుమండ్లు సారు రెండు పేజీల సంజాయిషీ రాసి, కింద ‘గుమస్తా జవాబు సంతృప్తికరంగా లేదు’ అని తానే నోటు పెట్టారు.

ఇంట్లోనూ మినహాయింపు లేదు. ఆయన భార్య సక్కుబాయమ్మది ఆదిలాబాద్ దిక్కు, మాటలో సగం మరాఠీ. పప్పులో ఉప్పు తక్కువైందని ఒకరోజు ఆమెకు అర్జీ అందింది. ఆమె చదివి, కిందనే రాసింది: ‘ముట్టింది. ఉప్పు డబ్బా మీ ఎడమ చెయ్యి దిక్కే ఉన్నది.’

వాళ్ల ఇల్లు ఊరి చివర. పెరటి గోడకు ఆనుకునే ఒక ప్రైవేటు ఫార్మసీ కాలేజీ ఆడపిల్లల హాస్టల్ ఉంది. నిరుడు సారు కలం ఆ గోడ దాటింది. వారానికొక అర్జీ. హాస్టల్ జనరేటర్ చప్పుడుకు తన బీపీ పెరిగిందని ఒకటి. మాడిన పప్పు వాసన తన ఇంట్లో దూరుతోందని ఒకటి. హాస్టల్ నల్లాల్లో నీళ్లు రాకపోవడం వల్ల తనకు దాహమవుతోందని ఇంకొకటి. ఓసారి టైపు చేస్తూ చేస్తూ ఆగిపోయాను.

“సార్, ఆడపిల్లల స్నానాల గదికి గడియ లేకుంటే మీ మనశ్శాంతి ఎట్ల చెడ్తది?”

“చెడ్తది. టైపు చెయ్యి. ‘చెడినది’ దగ్గర చుక్క వెట్టు.”

ఆయనకు వయసు మీద పడిందనుకున్నాను. కాలేజీవాళ్లు కూడా అలాగే అనుకున్నారు. సారు గేటు దగ్గర కనిపిస్తే చాలు, వాచ్‌మన్ సంతకానికి పెన్ను తీసేవాడు.

మొన్న వానకాలంలో సక్కుబాయమ్మ ఒక పిల్లను వెంటబెట్టుకొని దుకాణానికి వచ్చింది. ఆ పిల్ల నీమా. టాంజానియా నుంచి వచ్చి అదే కాలేజీలో ఫార్మసీ రెండో సంవత్సరం చదువుతోంది. కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బాయి.

“అగబాయీ, జర కుర్చీ ఎయ్యి కొడుకా. పొద్దటి సంది ఏం తినలే గీ పిల్ల.”

హనుమండ్లు సారు అప్పటికే నా కంప్యూటర్ పక్కన ఉన్నారు. విషయం నీమా తనకొచ్చిన తెలుగులో చెప్పింది. ఈ దేశంలో ఉండేందుకు ఆమెకిచ్చిన అనుమతి పన్నెండు రోజుల్లో ముగుస్తుంది. దాన్ని పొడిగించుకోవాలంటే పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. చేరిన రోజే కాలేజీవాళ్లు భద్రంగా ఉంచుతామని దాన్ని తీసుకొని బీరువాలో పెట్టారు.

“రోజు అడుగుతున్న. రేపు రా అంటరు. రేపు పోతే, రేపు రా. చాలా పరేషాన్ సార్.”

“గడువు దాటితే?”

“ఇంటికి పంపిస్తరు. చదువు ఖతం.”

సారు ముఖం వెలిగిపోయింది. నాకు ఒళ్లు మండింది. అవతల పిల్ల ఏడుస్తుంటే ఈయనకు అర్జీ దొరికిన సంబరం!

“పాస్‌పోర్టు నీది బిడ్డా. దాసిపెట్టుకునే హక్కు కాలేజీకి లేదు. ముందుగాల కాలేజీల ఫిర్యాదుల కమిటీకి ఇద్దాం. ఆళ్లు వినకపోతే యూనివర్సిటీకి. హైదరాబాద్‌ల విదేశీయుల నమోదు ఆఫీసుకో నకలు, ఢిల్లీల మీ దేశం హైకమిషన్‌కో నకలు. భానూ, కొట్టు.”

నీమా గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. “నా పేరు వద్దు సార్. ప్రాక్టికల్స్‌ల ఫెయిల్ చేస్తరు.”

సారు నా వైపు తిరిగారు. “అర్జీదారు, హనుమండ్లు. సదరు కాలేజీ విదేశీ విద్యార్థుల పాస్‌పోర్టులు బీరువాలో ఉండుట వలన నా భార్య సక్కుబాయికి అన్నం సయించుట లేదు.”

“నాకెందుకు సయిస్తలేదు? మంచిగనే తింటున్న,” అంది సక్కుబాయమ్మ.

“ఇయ్యాల్టి సంది తినకు.”

అయిదు రోజులకు కమిటీ పిలిచింది. కట్టల కొద్దీ నకళ్లు మోయడానికి నేను తోడు వెళ్లాను. ప్రిన్సిపాల్ రామచంద్రం గారు మధ్యలో కూర్చున్నారు. అటూ ఇటూ ఇద్దరు లెక్చరర్లు. సారు ముందుగా కాలేజీవాళ్లు అచ్చేసిన రంగుల ప్రాస్పెక్టస్ తెరిచారు.

“ఇందుల ‘విదేశీ విద్యార్థుల సంక్షేమ అధికారి’ అని ఉన్నది. ఎవలు సార్?”

ప్రిన్సిపాల్ గారు అటెండరును పిలిచారు. అటెండరు వెళ్లి ఫైలు వెతికి తెచ్చాడు. ఆ అధికారి ఆటలు నేర్పే సంపత్ సారు. గ్రౌండ్ నుంచి విజిల్ మెడలో వేసుకొనే వచ్చాడు.

“నేనా? ఎప్పటి సంది?”

“మూడేండ్ల సంది,” అన్నాడు అటెండరు ఫైలు చూసి.

సంపత్ సారు పక్కనున్న కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ గారు హనుమండ్లు సారు వైపు తిరిగారు.

“పెద్దమనిషీ, విద్యార్థులు గాని, వాళ్ల తల్లిదండ్రులు గాని ఫిర్యాదు చెయ్యాలె. నీకేం సంబంధం? ఏడాది నుంచి నలభై అర్జీలు పెట్టినవ్. గడియ అంటవ్, నల్లా అంటవ్, వాసనంటవ్. మా హాస్టల్ లోపలి సంగతులు నీకెట్ల తెలుస్తయి? ఏ పిల్ల చెప్తున్నదో పేరు చెప్పు.”

“ఎవలు చెప్పలే సార్. నాకు అర్జీల పిచ్చి. ఊరంతా ఎరుకే. కోడి మీద గూడ వెట్టిన.”

అప్పుడు వెలిగింది నాకు. ఆ నలభై అర్జీలూ గోడ అవతలి పిల్లలవి. పేరు పెట్టుకోవడానికి భయపడి, వాళ్లు పెరటి గోడ మీంచి చెప్పుకున్న బాధలన్నీ సారు తన బీపీ కిందా, తన దాహం కిందా రాసుకున్నారు. పిచ్చివాడి కాగితాల్లో ఏ బాధ ఎవరిదో ఏ వార్డెనూ కనిపెట్టలేదు. నలభై టైపు చేసిన నేనే కనిపెట్టలేదు!

“అయితే ఈ అర్జీ చెల్లదు,” అని ప్రిన్సిపాల్ గారు ఫైలు మూశారు. “విద్యార్థి సంతకం లేదు.”

సారు నిలబడే ఉన్నారు. పెన్ను కోసం జేబు తడుముకున్నారు.

తలుపు దగ్గర అలికిడైంది. నీమా. వరండాలో నిలబడి అంతా విన్నట్టుంది. లోపలికొచ్చి, సారు చేతిలోంచి అర్జీ నకలు తీసుకొని, బల్ల మీద పెట్టి, తన పేరు మొత్తం రాసింది. అక్షరాలు పెద్దవిగా పడ్డాయి.

“ఇప్పుడు చెల్లుతది సార్?” అంది ప్రిన్సిపాల్ గారితో.

ఆమె వెనక గుమ్మంలో ఇంకో ఇద్దరు నేపాల్ పిల్లలు, వాళ్ల వెనక మన హుస్నాబాద్ పిల్ల కోమల. “మేం గూడ రాసిస్తం సార్,” అంది కోమల.

సంపత్ సారు లేచాడు. “సార్, నేను అధికారినైతే నాకు బీరువా తాళం చెవి ఇయ్యిండ్రి. నేను తీసిస్త.”

అంతమంది ముందు ఇవ్వనని అనడం ప్రిన్సిపాల్ గారికి కుదరలేదు. బీరువాలో పాత ప్రశ్నాపత్రాల కింద నీమాది దొరికింది. నేపాల్ పిల్లల మార్కుల మెమోలూ అక్కడే ఉన్నాయి. ఎవరివి వాళ్లకిచ్చేశారు. గడువుకు ఇంకా వారం ఉండగానే, ఆ సాయంత్రం నా దుకాణంలోనే నీమా దరఖాస్తు ఆన్‌లైన్లో పంపాం; గడువులోగా పంపితే చాలట. మూడో వారంలో అనుమతి వచ్చింది. ప్రాక్టికల్స్‌లో ఎవరూ ఫెయిల్ చేయలేదు. విజిల్‌తో సంపత్ సారు ల్యాబు గుమ్మంలోనే కూర్చున్నాడట.

అనుమతి వచ్చిన ఆదివారం సక్కుబాయమ్మ జొన్నరొట్టెలు చేసి నన్నూ పిలిచింది. తింటుండగా నీమా వాళ్లమ్మ ఫోన్‌లో కనిపించింది. ఆమెకు స్వాహిలీ తప్ప రాదు. నీమా ఫోన్ సారు చేతికిచ్చింది. సారు అలవాటు కొద్దీ కాగితం కోసం అటూ ఇటూ చూశారు. ఆమె అవతల కళ్లు తుడుచుకుంటోంది. సారు కాగితం సంగతి వదిలేశారు.

“ఫికర్ చెయ్యకు చెల్లె,” అన్నారు. “పిల్ల మంచిగున్నది. మేమున్నం.”

తరవాత సక్కుబాయమ్మ ఫోన్ లాక్కొని పెరట్లోకి పోయింది. ఇవతల తెలుగూ మరాఠీ, అవతల స్వాహిలీ. అరగంట సాగింది. మధ్యలో ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

ఆమె తిరిగి రాగానే అడిగాను. “ఏమన్నదమ్మా?”

“పిల్ల సన్నవడ్డదట. ఇంకో రొట్టె ఎక్కువ వెట్టుమన్నది.”

“నీకు గా భాష ఎట్ల తెలుసు?”

“తెలిసేదేమున్నది కొడుకా?” అంటూ ఆమె నీమా పళ్లెంలో రొట్టె వేసింది. “తల్లి ఇంకేమంటది?”